గారపూత: బయటిగోడలపై అది పగులుటకును, పెచ్చులూడుటకును గల కారణములు

ఇటుకతోగాని, రాతితోగాని, సిమెంటు దిమ్మెలతోగాని కట్టిన గోడను ఎండవానలనుండి కాపాడుటకును, దాని ఎగుడుదిగుళ్ళను కప్పి చదునైన రూపము నిచ్చుటకును, సున్నమునో సిమెంటునో ఇసుకతోను నీటితోను కలిపి పూయు పొరను గారపూత అందురు. లోపలిగోడల పూతకంటె బయటిగోడల పూత పడు కష్టము మిక్కిలి యెక్కువ. రోహిణీకార్తె ఎండలో చేయి ఆనించరానంతగా కాగిన పడమటిగోడ అదేదినమున సాయంకాలపు గాలివానలో నిమిషములలో చల్లారును. శ్రావణభాద్రపదములలో దినములతరబడి తడిసి, ఎండ కాసినప్పుడెల్ల ఆరి, మరల తడియును. పూసిన కొలది వారములకే ఇట్టి పూతపై సన్నని పగుళ్ళు దేరుటయు, వ్రేలితో తట్టినపుడు డొల్లశబ్దము వినవచ్చుటయు, మొదటి వానాకాలము ముగియకమునుపే పెచ్చులు ఊడుటయు గోదావరీ డెల్టా గ్రామములందును, రాజమహేంద్రవరము, భీమవరము, అమలాపురము మొదలగు పట్టణములందును తరచుగా కానవచ్చు దోషములు. గృహస్థుడు నేరమును సిమెంటుపై మోపును. మేస్త్రి ఎండపై మోపును. నిదానించి పరిశీలించినచో దోషములలో అధికభాగమునకు బీజము మొదటి తాపీడు గార గోడకు తగులుటకు ముందే పడియుండుననియు, ఆ బీజము చాలవరకు నీటికి సంబంధించినదనియు తెలియును. గోడ త్రాగివేయు నీరు, ఎండ హరించు నీరు, నేలనుండి పైకి ప్రాకు నీరు అను మూటిని ఎరిగినవానికి ఈ విషయమున తెలియవలసినది కొంచెమే మిగులును.

గోడలకు పూత పూయు విద్య మిగుల ప్రాచీనమైనది. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమువాడైన రోమను వాస్తుశిల్పి విత్రూవియస్ తన గ్రంథముయొక్క ఏడవ భాగమందు, ఇసుకగారను మూడు పొరలకు తక్కువ గాకుండ పూయవలెననియు, చక్కగా నీరు త్రాగని సున్నమును వాడినచో అందలి పచ్చిరేణువులు పూతలో చేరిన తరువాత విరిసి దానిని చిట్లగొట్టుననియు వ్రాసెను. మూడేండ్లు నిలువయుండని సున్నమును కట్టడములలో వాడరాదను పాతనియమ మొకటి రోములో ఉండెనని రోమను రచయిత ప్లీనీ చెప్పియున్నాడు. మన దేశమున విష్ణుధర్మోత్తర పురాణమందలి చిత్రసూత్రము ఇటుకపొడి, సున్నము, గుగ్గిలము, బెల్లము మొదలగువానితో గోడకు పూత సిద్ధపరచు విధమును వివరించుచున్నది. గోదావరీ తీరమున కాకినాడ సముద్రశాఖలో దొరకు గుల్లలను, ఆల్చిప్పలను కాల్చి సున్నము చేయుట చిరకాలముగా ఉన్నది. ఆ సున్నమును ఇసుకతోను ఇటుకపొడితోను కలిపి, ఎద్దులు త్రిప్పు గానుగలో వెన్నవలె మెత్తబడువరకు నూరి, కరక్కాయలు నానిన నీటిని, బెల్లపునీటిని చేర్చి పూసిన గార నేటికిని కొన్ని మండువా లోగిళ్ళలో చెక్కుచెదరక నిలిచియున్నది. 1847 మొదలు 1852 వరకు సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యవమున ధవళేశ్వరము వద్ద వెలసిన ఆనకట్టయు సున్నపు గారతో కట్టిన కట్టడమే.

1824లో ఇంగ్లండునందలి లీడ్సు పట్టణపు తాపీపనివాడైన జోసెఫ్ ఆస్ప్డిన్ పోర్ట్‌లాండు సిమెంటునకు పేటెంటు పొందెను. ఇరువదవ శతాబ్దమున ఆ సిమెంటు మన పల్లెలకును చేరి సున్నమును క్రమముగా త్రోసిపుచ్చెను. ఈ మార్పుతో పనిలో వేగము హెచ్చినది. కాని ఒక ప్రాతజ్ఞానము మరుగుపడినది. సున్నపుగార గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించుచు మాసములతరబడి మెల్లగా గట్టిపడును. ఆ కాలమంతయు దానియందు కొంత మెత్తదనము నిలిచియుండుటచే గోడ కదలినపుడు అదియు ఒదిగి కదలును. అందేర్పడిన సన్నని నెఱియలలోనికి వాననీరు సున్నమును కరగించి తెచ్చి పేర్చుటచే అవి తమంతట పూడుకొనుటయు కలదు. సిమెంటుగార యట్లు గాక కొలది గంటలలో బిగిసి, కొలది దినములలో రాయియై, ఆ పిమ్మట ఒదుగుటకు బదులు విరుగును. ఆరుచున్నప్పుడు అది మీటరు పొడవునకు అర మిల్లీమీటరు మొదలు ఒక మిల్లీమీటరు వరకు కుంచించుకొనును. గోడ దానిని పట్టుకొని కుంచించుకొననీయదు; పూతకు లాగుడును ఓర్చుకొను బలము స్వల్పము; కావున అది పగులును. సిమెంటు పాలు హెచ్చినకొలది ఈ కుంచనము హెచ్చును. సిమెంటు ఎంత ఎక్కువ వేసిన పూత అంత గట్టిదని తలచి, బస్తాలు అదనముగా తెప్పించు గృహస్థులు మన ప్రాంతమున పెక్కురు. బయటిపూత విషయమున ఇంతకంటె హానికరమైన భ్రమ లేదు. గోడకంటె లోపొరయు, లోపొరకంటె పైపొరయు కొంచెము బలహీనముగా ఉండవలెననుట ఈ శాస్త్రమున మూలసూత్రము. బలమైన పైపొర కుంచించుకొనునపుడు తన క్రిందనున్న బలహీనమైన పొరను ఊడబెరికి తనతో తెచ్చును. ఊడిన పెచ్చు వెనుక ఇటుకపొడి అంటుకొని యుండుట అందులకు గుర్తు. ఒక పాలు సిమెంటునకు ఆరు పాళ్ళ ఇసుకయు, వీలున్నచో ఒక పాలు తడిసున్నమును కలిపిన గార బయటిగోడకు చాలును.

ఇక గోడ త్రాగు నీటి విషయము. డెల్టాలోని ఇటుక ఒండ్రుమట్టితో కోసినది. పలుతావుల ఊకతో కాల్చినది. ఆవము నడుమ నున్న ఇటుక ఎఱ్ఱగా కాలి ఖణేలుమని మ్రోగును. అంచులనున్నది సగము కాలి, నీటిలో వేసినచో నిండా నీరు త్రాగును. సామాన్యపు ఇటుక ఒక దినము నానినపుడు తన బరువులో 20 శాతమునకు మించి నీరు పీల్చరాదని భారతీయ ప్రమాణము. సగము కాలినది ఈ మేరను సులభముగా దాటును. ఎండిన అట్టి గోడపై పూసిన గారలోని నీరు నిమిషములలో ఇటుకలోనికి పోవును. సిమెంటు రసాయనికముగా గట్టిపడుటకు వలసిన నీరు మిగులక, గోడను ఆనియున్న భాగమే ముందుగా పిండియై నిలుచును. అట్టి పూత చూచుటకు బాగుగానే యుండును; ఆరునెలల తరువాత తాపీపిడితో తట్టినచో డొల్లపలుకును. గోడను క్రిందటి సాయంకాలము బాగుగా తడిపి, పని మొదలుపెట్టుటకు ముందు మరల తేలికగా తడిపి, పైతడి ఇంకి గోడ మెరుపు మాయువరకు ఆగవలెను. నీరు జాలువారుచున్న గోడపై పూసినను తప్పే; పీల్చుటకు చోటులేని గోడకు గార అంటుకొనక జారును. అనుభవముగల మేస్త్రి ఒక పిడికెడు నీటిని గోడపై చిమ్మి, అది ఎంతసేపటికి ఇంకునో చూచి పని ఆరంభించును. ఈ చిన్నపరీక్ష చేయువారు ఇప్పుడు అరుదగుచున్నారు. ఇటుకల నడుమ అతుకులను కట్టినదినముననే అర అంగుళము లోతు గీరి వదలుట, సెంట్రింగు రేకుల నూనె అంటిన కాంక్రీటు స్తంభములను కడిగి ఉలితో గాట్లు పెట్టుట, నున్నని తావుల సిమెంటును ముతక ఇసుకతో పలుచగా కలిపి గరుకుగా చిమ్మి ఆరనిచ్చుట, ఇవి గార పట్టుకొనుటకు పట్టునిచ్చు ఉపాయములు.

ఇసుక మాట విడువరానిది. రాజమహేంద్రవరము, కొవ్వూరు, ధవళేశ్వరముల వద్ద గోదావరి ర్యాంపులనుండి వచ్చు ఇసుక పేరుగాంచినది; కాని వరద తీసిన పిదప తొలుత ఎత్తిన ఇసుకలో ఒండ్రు మిక్కుటముగా ఉండును. బంకమట్టి, సన్నని ధూళి బరువున 5 శాతమునకు మించిన ఇసుక పూతకు తగదు. అట్టి ఇసుక ఎక్కువ నీరు కోరును, ఆ నీరు ఆరినపుడు పూత ఎక్కువగా కుంచించుకొని వలవలె పగులును. ఒక గాజుసీసాలో సగమువరకు ఇసుక పోసి, చిటికెడు ఉప్పు కలిపిన నీరు నింపి, బాగుగా కుదిపి మూడుగంటలు కదపక ఉంచినచో, ఇసుకపై పేరిన మెత్తని పొర కంటికి కనబడును. ఆ పొర ఇసుకపు ఎత్తులో నూటికి ఎనిమిది వంతులు దాటినచో ఆ లారీని త్రిప్పిపంపుట మంచిది. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలు సముద్రమును చేరు చోట్ల పోటునీరు లోనికి ఎక్కుటచే అచటి ఇసుక ఉప్పదేరియుండును. దానిని వాడుట పూతలోనికి రోగమును ఎక్కించుటయే. కొలతలోను ఒక మోసము కలదు. తడియిసుక పొడియిసుకకంటె 25 శాతము వరకు ఉబ్బియుండును. కావున గంపలతో కొలిచి ఆరింటికి ఒకటి యనుకొన్న గార నిజముగా అయిదింటికి ఒకటికంటెను చిక్కనై, మరునాడు ఎండిన ఇసుకతో కలిపినది పలుచనై, ఒకే గోడపై రెండు స్వభావములుగల పూతలు ప్రక్కప్రక్కన నిలుచును. రెండింటికిని నడుమ గీటు పడుట అప్పుడు వింత గాదు. రాతిని పొడిచేసిన ఇసుక నేడు వాడుకలోనికి వచ్చినది. కడుగనిదైనచో అందలి రాతిధూళియు ఒండ్రుచేయు పనినే చేయును.

ఎండ హరించు నీటిని గూర్చి చెప్పునపుడు, కోనసీమ కొబ్బరితోటల నీడలో పూసిన గోడకును, రాజమహేంద్రవరపు కొత్తపేటలలో నీడలేని మేడ మూడవ అంతస్తునకును గల భేదమును మరువరాదు. వేసవిని 40 డిగ్రీలు దాటిన వేడిలో వడగాడ్పు వీచునపుడు పూత గట్టిపడకమునుపే ముఖమునుండి నీరు ఆవిరియై, రెండుమూడు గంటలలోనే వంకరటింకర పగుళ్ళు కానవచ్చును. ఇవి పచ్చిపగుళ్ళు, తాపీతో ఒత్తి పైకి నున్నచేసినను లోపల మాయవు. గట్టిపడిన పిదప పుట్టు పగుళ్ళు వేరు; అవి చాలదినములు తడపకపోవుటచే కలుగును. భారతీయ ప్రమాణముల 1661 సంఖ్యగల నియమావళి పూతను కనీసము ఏడుదినములు తడిగా ఉంచవలెనని విధించుచున్నది. మన పనులలో ఉదయమొకమారు, సాయంకాలమొకమారు గొట్టముతో నీరు చిమ్మి తడిపితిమనుకొందురు. నడుమ మధ్యాహ్నము పడమటిగోడ పూర్తిగా ఎండి తెల్లబడును, మరల తడియును, మరల ఎండును. ఈ ఎండుటయు తడియుటయు తడపకుండుటకంటె కొన్నిసందర్భములలో చెడ్డది. గోనెపట్టలు వ్రేలగట్టి అవి ఆరకుండ చూచుట, పనిని సూర్యునికి ఎదురుగా గాక సూర్యుని వెనుకగా నడపుట, అనగా ఉదయము పడమటిగోడను, సాయంకాలము తూరుపుగోడను పూయుట, ఖర్చులేని మందులు.

మేస్త్రీల అలవాటులలో ఒకదానిని ప్రత్యేకించి చెప్పవలసియున్నది. పూత మందముగా వేసినపుడు అది జారిపోవును. జారకుండ నిలుపుటకై పచ్చిపూతపై పొడిసిమెంటు చల్లి, చెక్కతో రుద్ది, నున్నచేయుదురు. ఆ పొడి లోని నీటిని పీల్చి పైన ఒక గాజువంటి పొరను కట్టును. పది దినములలో ఆ పొరపై కంటికి కనబడీ కనబడని పగుళ్ళు చేపవల కన్నులుగా వ్యాపించును. మూడు నాలుగు మాసములలో పైపొర సన్నని రేకులుగా లేచును. అడిగినచో సిమెంటు మంచిది కాదందురు. పూత మందము 20 మిల్లీమీటర్లు కావలసినచోట దానిని ఒక్కసారిగా గాక, 12 మిల్లీమీటర్లది మొదటి పొరగా పూసి, గట్టిపడకమునుపు తాపీమొనతో అడ్డగీతలు గీచి, రెండుమూడు దినములు తడిపి, పిమ్మట పైపొరను పూయవలెను. గట్టిపడనారంభించిన గారను నీరు చల్లి మరల కలిపి వాడుటయు ఇట్టి చెడుపనియే; సాధారణ సిమెంటు 30 నిమిషములు దాటిన పిదప ఎప్పుడైనను బిగియ మొదలిడవచ్చును గనుక గంటలో వాడగలిగినంతనే కలుపవలెను.

వేరువేరు వస్తువులు కలియు చోట్ల పగులు పుట్టుట దాదాపు తప్పనిసరి. కాంక్రీటు వేడికి మీటరుకు డిగ్రీకి మిల్లీమీటరులో సుమారు నూరవ వంతు పెరుగును. ఇటుకగోడ అందులో ఇంచుమించు మూడింట రెండువంతులే పెరుగును. మూడు మీటర్ల పొడవున ముప్పది డిగ్రీల తేడాకు ఈ రెంటి నడుమ మిల్లీమీటరులో సుమారు పదింట మూడువంతుల భేదము వచ్చును. అందుచే కాంక్రీటు దూలము క్రింద అడ్డముగను, స్తంభము ప్రక్కన నిలువుగను సరళరేఖలవలె పగుళ్ళు వచ్చును. అతుకునకు ఇరుప్రక్కల 10 సెంటీమీటర్ల చొప్పున వచ్చునట్లు కోళ్ళవల మేకులతో బిగించి దానిపై పూయుటచే ఈ లాగుడు పంచుకొనబడి పెద్ద పగులు నివారితమగును. పరంజా కొరకు గోడలో విడిచిన రంధ్రములను చివరను తొందరగా పూడ్చిన తావులును, కరెంటు గొట్టములకై చెక్కిన గాళ్ళును ఇట్లే పగులును; వీనిని పూతకు ఒక వారము ముందే పూడ్చియుంచవలెను. ఫ్లైయాష్ ఇటుకలు, సిమెంటు దిమ్మెలు తాముగూడ కొత్తలో కుంచించుకొనును. బట్టీనుండి ఎర్రగా వచ్చిన ఇటుకవలె వానిని వచ్చినదే తడవుగా గోడ కట్టి పూయరాదు.

నేలనుండి పైకి ప్రాకు నీరు డెల్టాకు ప్రత్యేకమైన బాధ. ఆనకట్ట వలన కాలువలు పల్లెపల్లెకును చేరినది మొదలు వేసవిలో కాలువలు కట్టివేసినపుడు తగ్గిన భూగర్భజలము జూనులో నీరు వదలగనే పైకి లేచును. వరిచేల నడుమ ఊళ్ళలో అది అరుగుక్రింద రెండు మూడు అడుగులలోనే ఉండును. ఇటుకగోడ ఆ నీటిని పైకి పీల్చును. భీమవరము, నరసాపురము, రాజోలు పరిసరములందు భూగర్భజలము ఉప్పనిదగుటయు, రొయ్యలచెరువుల విస్తృతియు ఈ బాధను హెచ్చించినవి. నీరు గోడ బయటిముఖము చేరి ఆవిరియగునపుడు లవణములను వెనుక విడిచిపోవును. అవి పూతపై తెల్లని నూగుగా కనబడినచో పెద్దచిక్కు లేదు. పూతకును గోడకును నడుమ పేరినచో స్ఫటికములు పెరుగుచు పూతను వెనుకనుండి త్రోయును. సోడియము సల్ఫేటు అను లవణము 32 డిగ్రీలకు పైని నిర్జలరూపమునను, అందులకు దిగువను నీటిని కలుపుకొన్న రూపమునను ఉండును. నీరు కలియునపుడు దాని పరిమాణము సుమారు నాలుగింతలగును. మన గోడలు పగలు ఈ గీటును దాటి, రాత్రి దిగువకు దిగుచుండుటచే ఆ లవణము ప్రతిదినమును ఉబ్బి తగ్గుచు గోడను నలిపివేయును. అరుగునుండి మీటరు ఎత్తువరకు పూత ఉబ్బి, వ్రేలితో నొక్కినచో పొడియై రాలుట ఈ వ్యాధి లక్షణము; వలపగుళ్ళనుండి దీనిని సులభముగా గుర్తింపవచ్చును. ఇటుకమట్టిలోనో నేలలోనో సల్ఫేటులున్నచో అవి సిమెంటులోని అల్యూమినేటుతో కలిసి వ్యాకోచించు మరియొక లవణమునకు పుట్టుకనిచ్చి, ఇటుకల అడ్డపువరుసల వెంబడి పొడవైన పగుళ్ళు కలిగించును. సిమెంటుపూత ఎక్కినకొలది చెమ్మ ఇంకను పైకెక్కుటయేగాని ఆగదు. గోడ ఊపిరి విడుచుటకు తావు వెతుకుకొనును. చెమ్మకు అసలు మందు పునాదిపై నీరెక్కని పొరను, అనగా చిక్కని కాంక్రీటు మీద తారు పూసిన పొరనో, దగ్గరగా పేర్చిన కడపబండల పొరనో వేయుటయే. అది లేని పాత ఇండ్లకు అడుగుభాగమున సున్నపుపూత వేసి, పాడైనప్పుడెల్ల మార్చుకొనుచు ఉండుట, మొండిగా సిమెంటు వేయుటకంటె మేలు.

నల్లరేగడి ఉబ్బుటచేతను ఎండుటచేతను పునాది కదలినపుడు కిటికీ మూలలనుండి ఏటవాలుగా వచ్చు పగుళ్ళు పూతవి కావు, గోడవి. వానిపై పూత మార్చిన ప్రయోజనము శూన్యము. పునాది విషయమున రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనాసంస్థ రేగడి భూములకై రూపొందించిన ఉబ్బిన అడుగుగల పైలు పద్ధతి వంటివి చూడదగినవి.

వాన చెప్పవలసిన చివరి శత్రువు. పూర్వపు పెంకుటిండ్లకు చూరు మూడడుగులు ముందుకు సాగి గోడను కప్పెడిది. నేటి మేడలకు ఒక అడుగు సజ్జయైన లేదు. 1996 నవంబరు 6వ తేదీన కాకినాడ, కోనసీమ ప్రాంతములపై విరుచుకుపడినటువంటి తుఫానులలో గాలి వానను అడ్డముగా కొట్టి, సన్నని పగుళ్ళగుండ గోడలోనికి నెట్టును; సజ్జ అంచు అడుగున వేలెడు గాడి లేనిచో నీరు వెనుకకు ప్రాకి గోడను తడుపును. పిట్టగోడ పైముఖమును లోపలివైపునకు వాలుగా కట్టి పూయుట, సజ్జ అంచున గాడి తీయుట, చుక్కనీరు జారు గొట్టములను గోడకు దూరముగా ముగించుట, వేసవిలో పూసిన పూతను ఒక మాసము ఆరనిచ్చిన తరువాతనే రంగు వేయుట, ఇవి తేలికపనులే గాని తరచుగా విడువబడును.

పాడైన పూతను పరీక్షించువారు మొదట కర్రతో తట్టి డొల్లతావులను బొగ్గుతో గీచి గుర్తింపవలెను. మూడవ వంతు మిల్లీమీటరుకంటె సన్నని నిలుకడగల పగులునకు సున్నపువెల్లయే చాలును. ఒక వానాకాలము గడచినను పెరుగుచుండిన పగులునకు కారణము వేరెచట నుండును. డొల్లతావును చతురస్రముగా కోసి, గోడ కనబడువరకు తీసి, అంచులను నిలువుగా చెక్కి, దుమ్ము దులిపి, తడిపి, పాతపూతకంటె గట్టిది గాని గారతోనే పూడ్చవలెను. ఉప్పు పట్టిన గోడకు నీరుపోసి కడుగరాదు. పొడి బ్రష్షుతో ఉప్పును దులిపి ఎత్తివేయవలెను, కడిగినచో అది మరల లోనికే పోవును.

డెల్టాలో బయటిపూతకు తగిన కాలము మార్గశిరమాసము చివరనుండి మాఘమాసము ముగియువరకు. ఈశాన్యపు తుఫానులు తగ్గి, గాలి పొడిగానుండి, ఎండ తీవ్రము కాని ఆ రెండు రెండున్నర నెలలలో తడిపిన నీరు ఎక్కువసేపు నిలుచును, పూత మెల్లగా ఆరును. ఇల్లు కట్టుకొనువారు మేస్త్రితో కూలిని మాట్లాడుకొనునపుడే ఏడుదినముల తడుపుపనిని కూడ ఎవరు చేయవలెనో మాట్లాడుకొనవలెను. బయటిపూతలలో అధికభాగము చెడుట ఆ మాట నడుమ జారిపోవుటచేతనే.